బాలానగర్ నుంచి గచ్చిబౌలి దాకా

హైదరాబాదు వచ్చినవాళ్ళు చార్మినారు చూస్తారు, గోలకొండ ఎక్కుతారు, ఓపిక ఉంటే సాలార్‌జంగు మ్యూజియంలో గంటలు కొట్టే గడియారం ముందు నిలబడతారు. బాలానగర్ చూడడానికని వచ్చినవాణ్ణి మాత్రం ఇంతవరకు నేను ఎరగను. ఇక్కడికి వచ్చేవాళ్ళు పనికోసమే వస్తారు. 1960ల్లో ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారం, విమానాలకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలు చేసే హెచ్.ఎ.ఎల్., పనిముట్ల తయారీ నేర్పే సి.ఐ.టి.డి. ఈ ప్రాంతంలో వెలిశాయి. వాటి నీడన లేతు మిషన్ల షెడ్లు బారులు తీరాయి. మందుల కర్మాగారం మూతబడినా, నర్సాపూరు చౌరస్తా మీదుగా 2021లో పెద్ద ఫ్లైఓవరు లేచినా, ఏ సందులోకి తొంగిచూసినా ఇనప రజను, నూనె కలిసిన ఆ పాత వాసనే మనిషిని పలకరిస్తుంది.

మా అక్కయ్యగారి ఇల్లు ఆ సందుల్లో ఒకదానిలో ఉన్నది. బావగారు ఖమ్మం జిల్లా మనిషి. ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి, ఇక్కడొక ఫ్యాక్టరీలో చేరి, రిటైరయి, ఇక్కడే ఉండిపోయారు. నేను తెనాలివాణ్ణి. అక్కయ్య పెళ్ళి 1975లో జరిగింది. ఆ సంవత్సరం ఎందుకు చెబుతున్నానంటే, అంతకు ఆరేళ్ళ క్రితం ఆయన "జై తెలంగాణ" అంటూ ఖమ్మం వీధుల్లో ఊరేగారు. మూడేళ్ళ క్రితం నేను "జై ఆంధ్ర" అంటూ రైలుపట్టాల మీద కూర్చున్నాను. ఇద్దరికీ చెరొక చదువు సంవత్సరం నీళ్ళలో కలిసింది. పెళ్ళిపందిట్లో మా మేనమామ "రెండు ఉద్యమాలూ వియ్యమందాయిరా!" అని కడుపుబ్బ నవ్వాడు.

ఈసారి నేను వెళ్ళేసరికి ఇంట్లో గాలి కొంచెం బిగుసుకుని ఉన్నది. బావగారి మనవరాలు గచ్చిబౌలిలోని హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతున్నది. 2025 వసంతంలో అక్కడ జరిగిన భూమి గొడవలో ఆ పిల్ల కూడా రోజూ వెళ్ళి కూర్చున్నదట. వాళ్ళ నాన్న, అంటే మా మేనల్లుడు, నన్ను పక్కకు పిలిచాడు.

"మామయ్యా! నువ్వైనా దానికి చెప్పు. చదువుకోమని పంపిస్తే బుల్‌డోజరుకు అడ్డం నిలబడుతుందా? రేపు ఉద్యోగమని, పాస్‌పోర్టని పోలీసు ఎంక్వయిరీ వస్తే ఏం చెప్పుకోవాలి?"

నచ్చజెప్పడానికి నన్ను పంపడమంటే దొంగచేతికి తాళంచెవులు ఇవ్వడమే. ఆ సంగతి వాడికి తట్టలేదు కాబోలు. సరేనన్నాను. "నేనూ వస్తా" అని బావగారు చెప్పుల్లో కాళ్ళు పెట్టారు.

బాలానగర్ పేరున్న మెట్రో స్టేషను బాలానగర్ నడిబొడ్డున లేదు. ఆటోలో జాతీయ రహదారి దాకా పోతే, కూకట్‌పల్లికీ మూసాపేటకూ మధ్య ఉన్నది. దాని పూర్తిపేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ బాలానగర్ స్టేషను. అక్కడ ఎక్కి అమీర్‌పేటలో దిగి బండి మారాలి. ఈ బండి మారే చోట ఒక చిత్రముంది. అదే పట్టాల మీద ఒక దిక్కుకు పోతే తార్నాక వస్తుంది. దిగి నడిస్తే ఉస్మానియా విశ్వవిద్యాలయం. రెండో దిక్కున చివరి స్టేషను రాయదుర్గం. అక్కడినుంచి బస్సులో కొంచెం దూరం పోతే హైదరాబాదు విశ్వవిద్యాలయం. ఒక గీతకు ఆ కొసనొకటి, ఈ కొసనొకటి. మొదటిదానిలో రేగిన మంటల వేడికే రెండోది పుట్టిందని ఆ రైళ్ళలో తిరిగే కుర్రవాళ్ళలో ఎందరికి తెలుసునో!

ఆ కథ ఉస్మానియా నుంచి మొదలుపెట్టాలి. నిజాం 1918లో ఉర్దూ మాధ్యమంలో స్థాపించిన ఆ విశ్వవిద్యాలయం హాస్టళ్ళలో 1938 చివర విద్యార్థులు వందేమాతరం పాడారు. పాడవద్దన్నారు. మేము పాడతామన్నారు. వందలమంది కుర్రవాళ్ళు బహిష్కరణకు గురయ్యారు. వాళ్ళకు నాగపూరు విశ్వవిద్యాలయం తలుపు తెరిచింది. అలా నాగపూరు దారి పట్టినవాళ్ళలో పి.వి. నరసింహారావు ఒకరు. ఆ పేరు కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

1952లో ముల్కీ గొడవ లేచింది. స్థానికుల ఉద్యోగాలు స్థానికేతరులకు పోతున్నాయని వరంగల్లులో విద్యార్థులు మొదలుపెట్టిన ఆందోళన హైదరాబాదుకు పాకి, సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల దాకా వెళ్ళింది. 1956లో పెద్దమనుషుల ఒప్పందం రాసుకుని ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ ఒప్పందంలో ఇచ్చిన హామీలు కాగితం మీదే ఉన్నాయన్న కోపం 1969లో బద్దలయింది. బావగారి కథ అక్కణ్ణుంచే. పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉద్యోగాలు స్థానికులకు దక్కడం లేదని జనవరిలో ఖమ్మంలో ఒక విద్యార్థి నిరాహారదీక్షకు కూర్చున్నాడు. చూస్తూండగానే అది ఉస్మానియాకు అంటుకుని, ప్రత్యేక తెలంగాణ ఉద్యమమయింది. కాలేజీలు మూతబడ్డాయి, పరీక్షలు ఆగిపోయాయి. ఆ ఏడు పోలీసు కాల్పుల్లో పోయినవాళ్ళు 369 మంది అని ఉద్యమకారులు చెప్పే లెక్క. శాసనసభ ఎదుట గన్‌పార్కులో వాళ్ళ స్తూపం ఉన్నది. శిల్పి ఎక్కా యాదగిరిరావు.

ఇక నా వంతు. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు చెప్పింది. అప్పుడు మా వైపు మొదలయింది. రైళ్ళు ఆగాయి, గుమాస్తాలు సమ్మెకట్టారు, కాలేజీల గేట్లకు తాళాలు పడ్డాయి. ముఖ్యమంత్రి ఎవరనుకున్నారు? నాగపూరు పోయి చదువుకున్న ఆ పి.వి. నరసింహారావే. వందేమాతరం కోసం తరగతి వదిలిపెట్టిన మనిషి, తరగతులు వదిలిపెట్టిన మా కేకల మధ్య 1973 జనవరిలో పదవి వదులుకున్నారు. చరిత్రకు హాస్యమంటే ఎంత ఇష్టమో చెప్పలేం.

రెండు మంటలూ ఆర్పడానికి ఢిల్లీ ఒక మందు కనిపెట్టింది. అది 1973 సెప్టెంబరు 21న వచ్చిన ఆరు సూత్రాల పథకం. అందులో రెండో సూత్రం, హైదరాబాదులో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం స్థాపించాలని. దానికోసం రాజ్యాంగంలో 371-ఇ అధికరణం చేర్చారు. 1974లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ అక్టోబరు 2న విశ్వవిద్యాలయం పుట్టింది. మొదటి వైస్-చాన్సలరు గురుబక్ష్ సింగ్. ఉండడానికి ఇల్లు లేక, ఆబిడ్స్ దగ్గర సరోజినీ నాయుడుగారి "గోల్డెన్ థ్రెషోల్డ్" భవనంలో కాపురం పెట్టింది. తర్వాత గచ్చిబౌలిలో సుమారు 2,300 ఎకరాలు కేటాయించారు. ఆ రోజుల్లో గచ్చిబౌలి అంటే బండలూ, కంచెలూ, గొర్రెలూ.

"నేను అడిగింది రాష్ట్రం. నువ్వు అడిగింది మరో రాష్ట్రం. ఇద్దరికీ కలిపి ఒక యూనివర్సిటీ చేతిలో పెట్టారన్న మాట!" అన్నారు బావగారు, రైలు కదులుతూండగా.

"మనకెక్కడ పెట్టారు బావగారూ? మన ఇద్దరి చదువూ అప్పటికే అటకెక్కింది. మీ మనవరాలి చేతిలో పెట్టారు" అన్నాను.

మాదాపూరు దాటుతుంటే కిటికీలో అద్దాల మేడలు మొదలవుతాయి. 1998లో సైబర్ టవర్స్ ఒంటరిగా నిలబడి ఉన్నప్పుడు నేను చూశాను. ఇప్పుడు అది ఆ మేడల మధ్య ముసలి తాతలాగున్నది. దీని గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు గనుక నేను ఆగను. ఒక్క ముక్క మాత్రం చెప్పాలి. ఈ మేడలు పెరిగినకొద్దీ పక్కనున్న ఆ బండలకూ కంచెలకూ ఎకరం ఇంత అని ధర పుట్టింది.

రాయదుర్గంలో దిగి బస్సెక్కి యూనివర్సిటీ గేటు దగ్గర దిగాం. పిల్ల ఎదురొచ్చి "తాతయ్యా, చిన్న తాతయ్యా" అని ఇద్దరి చేతులూ పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. గేటు దాటి పది నిమిషాలు నడిచేసరికి నగరం చప్పుడు వెనకపడింది. ఒకదానిమీద ఒకటి పేర్చినట్లున్న గ్రానైటు బండలు. వాటి వయస్సు 250 కోట్ల ఏళ్ళట. పుట్టగొడుగు ఆకారంలో ఒక బండ ఉన్నది. ఈ విశ్వవిద్యాలయం బొమ్మ వేయమంటే పిల్లలు ముందు అదే వేస్తారు. చెరువులున్నాయి, వాటికి గేదెల పేరూ నెమళ్ళ పేరూ పెట్టుకున్నారు. జింకలున్నాయి. చుక్కల తాబేళ్ళున్నాయి.

ముందుగా మమ్మల్ని షాపింగు కాంప్లెక్సు దగ్గరికి తీసుకువెళ్ళింది. నాలుగు కొట్లు, టీ, జిరాక్సు. పేరు పెద్దది, చోటు చిన్నది. కాని ఈ విశ్వవిద్యాలయం పేరు దేశమంతా మారుమోగింది ఇక్కణ్ణుంచే. ఇద్దరు విద్యార్థి సంఘాలవాళ్ళ మధ్య 2015 ఆగస్టులో వచ్చిన తగాదా మీద విచారణలు జరిగి, అంబేద్కర్ విద్యార్థి సంఘానికి చెందిన అయిదుగురు దళిత పరిశోధకులను హాస్టలు నుంచి వెళ్ళగొట్టారు. 2016 జనవరిలో వాళ్ళు పరుపులూ పుస్తకాలూ మోసుకొచ్చి ఈ కొట్ల ముందు ఆరుబయట పడుకున్నారు. చుట్టూ అంబేద్కర్, ఫూలే బొమ్మలు కట్టి ఆ చోటుకు "వెలివాడ" అని పేరు పెట్టారు. తెలుగువాడికి ఆ మాట విప్పి చెప్పనక్కరలేదు. ప్రతి ఊళ్ళోనూ ఊరిబయట ఉన్న దానిని తెచ్చి విశ్వవిద్యాలయం నట్టనడుమ నిలబెట్టారు. రాయి వేయలేదు, తలుపు పగలగొట్టలేదు. మీరు మమ్మల్ని ఎక్కడ ఉంచారో చూడండి అని చూపించారు, అంతే. జనవరి 17న ఆ అయిదుగురిలో ఒకడైన రోహిత్ వేముల ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ తర్వాత ఎన్ని రాష్ట్రాల్లో ఎన్ని ఊరేగింపులు జరిగాయో పాఠకులకు తెలిసిన సంగతే.

మార్చి 22న మరొకటి జరిగింది. సెలవు మీద వెళ్ళిన వైస్-చాన్సలరు తిరిగి వచ్చారు. విద్యార్థులు ఆయన నివాసం మీదికి వెళ్ళారు. కిటికీ అద్దాలు, సామాను పగిలాయి. పోలీసులు లాఠీలు ఝళిపించి 20 మందికి పైగా విద్యార్థులను, ఇద్దరు అధ్యాపకులను పట్టుకుపోయారు. బెయిలు రావడానికి సుమారు వారం పట్టింది. నా అభిప్రాయం అడిగితే, రెండు నెలలపాటు లోకం వెలివాడను చూసింది. ఆ రోజు మాత్రం అద్దాలను చూసింది. కట్టడానికి కష్టపడినది ఏదో, మరుగున పడినది ఏదో చెప్పనక్కరలేదు.

ఈ మాటే అక్కడ బెంచీమీద కూర్చుని అన్నాను. పిల్ల ఒప్పుకోలేదు.

"అద్దాలు పగిలితే మీకు కోపం వస్తుంది చిన్న తాతయ్యా. మనిషి పోయినప్పుడు ఎన్నాళ్ళు కోపం ఉంచుకున్నారు?" అన్నది. దానికి నా దగ్గర తయారుగా జవాబు లేదు.

బావగారు టీ గ్లాసు కింద పెట్టారు. "నేను బస్సు తగలబెట్టాను" అన్నారు.

మనవరాలు తెల్లబోయింది. నాకూ అది కొత్తే. పెళ్ళయి యాభయ్యేళ్ళయినా ఈ మాట మా అక్కయ్యకైనా తెలుసునో లేదో!

"నేనొక్కణ్ణే కాదు, గుంపులో ఉన్నాను. కాని చెయ్యి నాదీ ఉన్నది. 1969 ఎండాకాలం. అది మా ఊరికి వచ్చే బస్సే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఉత్తరాలు దాన్లోనే, మందులు దాన్లోనే. ఆ సాయంత్రం ఇంటికి పోదామంటే బస్సు లేదు. పదకొండు మైళ్ళు నడిచిన."

"డ్రైవరు ఏమయ్యాడు తాతయ్యా?"

"దింపేసినం గద! ఆయనదీ మా పక్క ఊరే. ఆయన కూడా తెలంగాణే కావాలన్నాడు. తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు."

కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. తర్వాత ఆ పిల్లే తన కథ చెప్పింది. చెరువుగట్టు వైపు నడుస్తూ చెప్పింది.

కంచ గచ్చిబౌలి, సర్వే నంబరు 25, నాలుగు వందల ఎకరాలు. 2003-04లో అప్పటి ప్రభుత్వం ఆటల అకాడమీలు కడతామన్న ఒక కంపెనీకి ఆ నేల ఇచ్చింది. 2006లో తర్వాతి ప్రభుత్వం రద్దు చేసింది. కోర్టుల్లో నలిగి నలిగి, 2024లో ప్రభుత్వమే గెలిచింది. నేల మాదే గనుక ఐ.టి. కంపెనీలకు, తదితరాలకు అభివృద్ధి చేస్తామన్నది ప్రభుత్వం; బదులుగా యూనివర్సిటీకి గోపనపల్లిలో నేల ఎప్పుడో ఇచ్చామన్నది. విద్యార్థుల మాట వేరు. పత్రం ఎవరి పేరునున్నా అక్కడున్నది అడవి, నెమలికి పట్టా ఎవరిచ్చారు అన్నారు.

2025 మార్చి 30, ఆదివారం. ఉగాది. మర్నాడు రంజాన్. కోర్టులకు సెలవులు. ఇళ్ళల్లో ఉగాది పచ్చడి కలుపుకుంటున్న రోజున పోలీసుల కాపలాతో మట్టియంత్రాలు లోపలికి వచ్చాయి. రాత్రిళ్ళు కూడా దీపాలు పెట్టి చెట్లు పడగొట్టాయి. అడ్డం వెళ్ళిన విద్యార్థులను పోలీసులు వ్యానుల్లో ఎక్కించారు. చీకట్లో నెమళ్ళు అరిచిన అరుపులు ఫోనులో పట్టి పంపితే దేశమంతా విన్నది. కొన్ని బొమ్మలు కృత్రిమ మేధతో తయారైన బూటకాలని ప్రభుత్వం కేసులు పెట్టింది. అలాంటివి కొన్ని ఉన్న మాటా నిజమే. మరొకవంక హైకోర్టులో పిటిషన్లు పడ్డాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంత తానే కల్పించుకుని చెట్లు నరకడం ఆపమన్నది. అప్పటికే సుమారు వంద ఎకరాలు చదునయింది. ఆ నేలను మళ్ళీ యథాస్థితికి తెచ్చే ఉపాయం చెప్పమని అదే నెల 16న ప్రభుత్వాన్ని అడిగింది. విద్యార్థుల మీద కేసులు ఎత్తివేయమని ప్రభుత్వం అంతకుముందే పోలీసులకు చెప్పింది.

"కోర్టు ఆపిందా, మీరు ఆపారా?" అని అడిగాను.

"కాగితం లేకపోతే మేము కూర్చున్నది వృథా. మేము కూర్చోకపోతే, కాగితం విచారణకు వచ్చేసరికి చెట్లుండవు" అన్నది. "మాకు కావలసింది నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులు మా ఒళ్ళు అడ్డంపెట్టి కొనుక్కున్నాం."

ఈ లెక్క నాకు నచ్చింది. మేము పట్టాల మీద కూర్చున్నప్పుడు ఎన్ని రోజులు కావాలో, ఏం కొనాలో ఎవరమూ లెక్క వేసుకోలేదు.

ఆ పిల్ల లోకం సంగతులూ చదివింది. న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయంవాళ్ళు పక్కనున్న పార్కు నేలలో వ్యాయామశాల కట్టబోతే, ఆ పేటలోని నల్లజాతివారి పక్షాన విద్యార్థులు 1968 ఏప్రిల్లో భవనాలు ఆక్రమించుకున్నారట. యుద్ధ పరిశోధన మీద కోపం కూడా అందులో కలిసింది. ఏప్రిల్ 30 తెల్లవారుజామున పోలీసులు ఏడు వందలమందిని పట్టుకున్నారు. కాని ఆ వ్యాయామశాల ఆ పార్కులో లేవలేదు. అక్కడి హామిల్టన్ హాలును 2024లో గాజా యుద్ధం మీద నిరసనతో విద్యార్థులు మళ్ళీ పట్టుకున్నారు. ఆ సరికే అదే ఏప్రిల్ 30న పోలీసులు మళ్ళీ ఖాళీ చేయించారు. ఈసారి కొందరి పట్టాలు రద్దయ్యాయి, కొందరిని వెళ్ళగొట్టారు.

"చూశావా? అదీ మీ నాన్న భయం" అన్నాను. మేనల్లుడి తరఫున నేనాడిన మాట అదొక్కటే.

"నాన్న భయం నాకు తెలియనిదా చిన్న తాతయ్యా? అందుకే పరీక్షలన్నీ రాశాను. రాత్రి అక్కడ కూర్చుని, పొద్దున హాలులో కూర్చున్నాను. ఒక్క పేపరూ వదల్లేదు. మీ ఇద్దరికీ ఒక్కొక్క ఏడు పోయిందని నానమ్మ చిన్నప్పటినుంచీ చెబుతూనే ఉందిగా!"

దూరాన మట్టియంత్రాలు తిరిగిన మేర కనిపించింది. వానలకు గడ్డి మొలిచి, నరికిన మోళ్ళ పక్కనుంచి చిగుళ్ళు లేచి, అడవి అనడానికీ లేదు, బయలు అనడానికీ లేదు. దాని వెనక వరసగా అద్దాల మేడలు. మా బాలానగర్‌లోనే ఉపగ్రహాల నుంచి భూమి బొమ్మలు తీసి పరిశీలించే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉన్నది. ఆకాశంలోంచి చూస్తే ఈ పచ్చటి ముక్కకు పడిన చిల్లు ఎలా కనిపిస్తుందో! ఇక్కడినుంచి మాత్రం చిన్నప్పుడు జబ్బుచేసిన పిల్లవాడికి కత్తిరించిన క్రాపులాగున్నది.

సాయంత్రం ఆరింటికి తనకు మీటింగున్నదని, మమ్మల్ని బస్సెక్కించి వెళతానని పిల్ల అన్నది.

"దేని గురించి మీటింగు?" అన్నారు బావగారు.

"హాస్టలు మెస్సులో అన్నం గురించి తాతయ్యా. ఉడకడం లేదు."

"అయితే నేనూ వస్తా. ఎట్ల మాట్లాడుకుంటరో చూస్త."

చెట్టుకింద ముప్పయిమంది దాకా చేరారు. బావగారు ఆఖరి వరుసలో కూర్చున్నారు. ఎవరో లేచి మెస్సుకు తాళం వేద్దామన్నారు. ఇంకెవరో తాళం వేస్తే రాత్రికి తినేదేమిటన్నారు. పావుగంట గడిచేసరికి బావగారు చెయ్యెత్తి, వంటవాళ్ళను ఎవరైనా పిలిచి అడిగారా అని అడిగారు. అందరూ వెనక్కు తిరిగి చూశారు. అడగలేదన్నారు. ఎందుకు అడగలేదో తేలేలోగా నేను గేటు దాకా నడిచి, బాలానగర్ వైపు బస్సెన్నింటికో కనుక్కుని వచ్చాను.